ఓట్వేస్ అడవిలో చెక్కబాట దిగి నడిస్తే తప్పేమిటి?

బాటసారి:
ఆదివారం పిల్లలతో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, అపోలో బే ఊరి దగ్గర ఓట్వేస్ అడవిలోని మెయిట్స్ రెస్ట్‌కు వెళ్లాం. 800 మీటర్ల చుట్టుదారి, చాలావరకు చెక్కబాటే. నల్లమల అంచున చెప్పుల్లేకుండా తిరిగి పెరిగిన నాకు, అడవికి వెళ్లి మట్టి తాకకుండా రావడం మింగుడు పడలేదు. నాలుగడుగులు పక్కకు వేస్తే ఏం కొంప మునుగుతుంది?

నాచురాయి:
బాటసారి గారూ, అక్కడి మిర్టిల్ బీచ్ అనే చెట్లకు మునుగుతుంది. ఏడాది పొడవునా తడిసి ఉండే ఆ మెత్తటి నేలలో వాటి వేళ్లు పైపైనే పాకుతాయి, తొక్కితే గాయపడతాయి. ఆ చెట్లను చంపే ఒక శిలీంధ్రం ఉంది. గాలిలోనో నీటిలోనో వచ్చి, గాయమైన చోట లోపలికి దూరుతుంది. తర్వాత వేళ్ల ద్వారా పక్క చెట్టుకు పాకుతుంది. పచ్చటి కొమ్మలన్నీ గోధుమరంగుకు తిరిగాక చేయగలిగింది ఏమీ ఉండదు. అవి వందల ఏళ్ల చెట్లండీ!

పోయినసారి వానలో చెక్కబాట అంచున నల్లగా నిగనిగలాడే నత్తను చూశాను. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. ఆకులు తినదు, తోటి నత్తలనూ వానపాములనూ తింటుంది. ఓట్వేస్‌లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. కుళ్లిన ఆకుల కింద ఉంటే మన కాలికి తెలుస్తుందా?

గోదారి పిల్ల:
ఒక మాట. ఈ చెట్ల బంధువులు న్యూజిలాండ్‌లో, చిలీలో ఉన్నాయి. అన్నీ ఒకప్పుడు కలిసి ఉండి, తర్వాత ముక్కలైన గోండ్వానా ఖండానివి. ఆ పేరు మన ఆదిలాబాద్ గోండులదే. అది తెలిశాక ఆ చెట్ల కింద నాకు పరాయితనం పోయింది.

బాటసారి:
నత్త సంగతి నిజంగా తెలియదు. కానీ చెక్కబాట వేసినప్పుడు వేళ్లు తెగలేదా?

నాచురాయి:
తెగే ఉంటాయి. ఆ గాయం ఒకసారి, ఒక గీత వెంట. మన అడుగులు రోజూ, ఎక్కడ పడితే అక్కడ. రాత్రి ఓట్వేస్‌లోనే ఉన్న మెల్బా గల్లీ అనే చిన్న లోయకు వెళ్లి టార్చి ఆర్పి నిలబడండి. గట్టు నిండా నీలి చుక్కలు వెలుగుతాయి. మిణుగురులు కావు, ఒక రకం చిన్న ఈగల పిల్లపురుగులు. వాటి ఇల్లు ఆ మట్టిగట్టే.

బాటసారి:
వెళ్తాను, బాట దిగను. అయినా మా చిన్నవాడు "ఇక్కడి మట్టి ఎలా ఉంటుంది నాన్నా?" అని అడిగాడు. వాడి చేతికి గుప్పెడు మట్టి అందేలా ఒక్క చోటైనా ఉంచాలనే ఇప్పటికీ నా వాదన.