తొమ్మిదో తరగతికి టార్ట్ చట్టం ఎలా చెప్తున్నారు?

గోదావరి_సోషల్:
మా జిల్లా పరిషత్ హైస్కూల్లో లీగల్ లిటరసీ క్లబ్ నేనే చూస్తున్నాను. నిరుడు పోక్సో, బాల్యవివాహాలు, సైబర్ మోసాలు చెప్పాం. ఈసారి టార్ట్ (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం ఇప్పించే చట్టం) చెప్దామనుకున్నా, ఎందుకంటే ఊళ్లో రోజూ జరిగే తగాదాల్లో సగం ఇవే. మొదటి పీరియడ్ మాత్రం పూర్తిగా వృథా అయింది. బోర్డు మీద 'అపకృత్యం' అని రాసి, 'వంకర' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి టార్ట్ వచ్చిందని చెప్పి, నిర్వచనం రాయించాను. రాసుకున్నారు, అంతే. చివర్లో ఒక అమ్మాయి లేచి "సార్, పక్కింటోళ్ల ప్రహరీ కూలి మా గేదె చచ్చిపోయింది, ఆయన్ని జైల్లో పెడతారా?" అని అడిగింది. ఎక్కడ మొదలుపెట్టి ఉండాల్సిందో అప్పుడు తెలిసింది. ఇంకో మూడు పీరియడ్లున్నాయి. మీరెవరైనా చెప్పి ఉంటే ఏది పనిచేసిందో, ఏది చేయలేదో రాయండి.

ఓరుగల్లు_వకీల్:
సార్, ఆ అమ్మాయి ప్రశ్నే మీ పాఠం. నేను మోటారు ప్రమాదాల కేసులు చేస్తాను, నేరానికి శిక్ష వేరు, నష్టానికి పరిహారం వేరు అనే ఈ తేడా నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లకి కూడా తెలియదు. స్కూళ్లకి పిలిచినప్పుడు నేను ఒక్కటే అడుగుతా: డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది? జరిమానా అయితే ప్రభుత్వానికి, నష్టపరిహారమైతే నష్టపోయినవాళ్లకి. తర్వాత ఇది చెప్తా. పదిహేనేళ్ల అబ్బాయి నాన్న బండి తీసుకెళ్లి ఒక ముసలాయన్ని గుద్దాడు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం తండ్రికి 25 వేల జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు పడొచ్చు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది, అబ్బాయికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. అప్పుడడుగుతా, ఇంత జరిగినా ముసలాయన తుంటి ఆపరేషన్‌కి ఒక్క రూపాయైనా వచ్చిందా? క్లాసంతా ఆగిపోతుంది. అక్కడి నుంచి ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు లాంటిది), పరిహారం, బీమా అన్నీ చెప్పొచ్చు. బీమా కంపెనీ ముందు కట్టినా, లైసెన్స్ లేనివాడి చేతికి బండిచ్చిన ఓనర్ దగ్గర ఆ డబ్బు రాబట్టుకోమని ట్రిబ్యునల్ చెప్పొచ్చని కూడా చెప్పండి, ఇంటికెళ్లి నాన్నలకి చెప్తారు.

గోడ గురించి అడిగింది కాబట్టి ఆ అమ్మాయికి చాందినీ చౌక్ గడియార స్తంభం కేసు చెప్పండి. అది కూలి దారిన పోయేవాళ్లు చనిపోయారు. కట్టి 80 ఏళ్లయింది, ఆ రకం గారతో కట్టినదాని ఆయుష్షు 40, 45 ఏళ్లే. సాక్షులు వచ్చి ఫలానా తప్పు చేశారని చూపించక్కర్లేదు, కూలడమే నిర్లక్ష్యానికి రుజువు అని 1966లో సుప్రీంకోర్టు అంది, ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ పరిహారం కట్టాల్సి వచ్చింది.

సింహపురి_టీచరమ్మ:
నేను బందెలదొడ్డితో మొదలుపెట్టాను. పరాయి పశువు చేలో పడితే తోలుకెళ్లి దొడ్లో పెట్టేవాళ్లు, ఓనర్ డబ్బు కట్టి విడిపించుకునేవాడు. దీనికి 1871లో చేసిన చట్టముంది. మీ తాతనో నాయనమ్మనో అడిగి రండి అన్నా. మర్నాడు 30 మందిలో 20 మందికి పైగా ఏదో ఒక కథతో వచ్చారు, ఒకడైతే వాళ్ల తాత మేకల కోసం రెండు రోజులు తిరిగిన సంగతి పది నిమిషాలు చెప్పాడు. పంట పోయినవాడి వైపు, పశువు ఓనర్ వైపు వాళ్లే విడిపోయి వాదించుకున్నారు. నేను నిర్వచనం చెప్పలేదు, వాళ్ల నోటే వచ్చింది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, నష్టం జరిగితే చాలు కేసు వేయొచ్చు అనుకున్నారు. అందుకని ఇడ్లీ కొట్టు ఉదాహరణ ఇచ్చా. మన కొట్టు ఎదురుగా ఇంకొకరు కొట్టు పెట్టి తక్కువకి అమ్మితే మన బేరం పడిపోయింది, కేసు వేద్దామా? అందరూ చేతులెత్తారు. 1410లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో సరిగ్గా ఇదే జరిగింది, కొత్త బడి పక్కన వచ్చేసరికి పాత బడి మాస్టర్లు 40 పెన్నీల ఫీజు 12కి దించుకోవాల్సి వచ్చింది, కోర్టు మాత్రం పరిహారం ఇవ్వలేదు. అవతలివాడు మన హక్కేదీ తీసుకోలేదు కదా! ఈ ఒక్క మాట అర్థం కావడానికి పీరియడ్ మొత్తం పట్టింది, పట్టనివ్వండి.

ఉక్కునగరం_మాస్టర్:
మాది విశాఖ. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు నా క్లాసు పిల్లల్లో కొందరిని నిద్రలోనే ఎత్తుకుని పరిగెత్తారు. అందుకే ఆ ఇళ్ల పిల్లలున్నారేమో ముందే కనుక్కుని, వాళ్లతో విడిగా మాట్లాడాకే ఈ టాపిక్ ఎత్తుతాను. భోపాల్ జరిగిన ఏడాదికి, 1985 డిసెంబర్‌లో ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైంది. ఆ కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు 'నేను అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా' అన్నా తప్పించుకోలేడు అని చెప్పింది. విశాఖ విషయంలో పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ మర్నాడే ఆ కంపెనీని 50 కోట్లు జమ చేయమంది. నిర్లక్ష్యం రుజువు చేయాల్సినవి వేరు, అక్కర్లేనివి వేరు అనేది మా పిల్లలకి ఇలాగే ఎక్కింది.

ఎడిసన్_అమ్మ:
న్యూజెర్సీ నుంచి. మా అమ్మాయికి హైస్కూల్లో వేడి కాఫీ కేసు చెప్పారు. "కాఫీ ఒలకబోసుకుని లక్షలు కొట్టేసిందట" అని ఇంటికొచ్చి చెప్తే నేనూ అలాగే అనుకున్నా. 1992లో ఆల్బుకర్కీలో జరిగింది. 79 ఏళ్ల ఆవిడ, ఆగి ఉన్న కారులో కూర్చుని మూత తీస్తుంటే ఒలికింది. ఆ కాఫీ 80 డిగ్రీల సెల్సియస్ పైనే ఉంది, చర్మం తీసి అతికించాల్సినంతగా కాలింది. అంతకుముందే ఆ కాఫీ అమ్మిన కంపెనీ మెక్‌డొనాల్డ్స్‌కి ఇలాంటి ఫిర్యాదులు 700 దాకా వచ్చాయి. జ్యూరీ (కేసు విని తీర్పు చెప్పడానికి ఎంచుకున్న మామూలు జనం) తప్పులో 20 శాతం ఆవిడదే అని 2 లక్షల డాలర్ల నష్టపరిహారాన్ని 1.6 లక్షలకి తగ్గించింది (కంపెనీకి శిక్షగా వేసింది వేరే). టీచర్ ఈ వివరాలు ఒక్కొక్కటిగా బయటపెడుతూ తప్పు ఎవరిదెంత అని పిల్లలు వేసుకున్న శాతాలు ప్రతిసారీ మార్చుకోమన్నారట. పిల్లలు ఆరుసార్లు మార్చుకున్నారు.

పాలమూరు_ఇంగ్లిష్:
ఒక హెచ్చరిక. రోల్ ప్లే కోసం నేను స్కూల్లో నిజంగా జరిగిన దెబ్బ విషయమే తీసుకున్నా, అది నా పొరపాటు. క్లాసు మొత్తం ఒకే అబ్బాయి వైపు చూసింది, వాడు వారం రోజులు బడికి రాలేదు. మీరు దూరంగా ఉన్న కేసు తీసుకోండి. బర్మింగ్‌హామ్‌లో పదిహేనేళ్ల అమ్మాయిలిద్దరు ప్లాస్టిక్ స్కేళ్లతో కత్తియుద్ధం ఆడుతుంటే ఒకటి విరిగి ముక్క కంట్లో పడింది. కింది కోర్టు తప్పు చెరిసగం అంది. అప్పీల్ కోర్టు, ఆ వయసు పిల్లలకి ఇలా జరుగుతుందని తట్టేది కాదు, నిర్లక్ష్యం కాదు అంది. మా వాళ్లు సగం మంది ఒప్పుకోలేదు, కన్ను పోయినామె సంగతేంటని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

ఓరుగల్లు_వకీల్:
బాగా చెప్పారు మేడమ్. దీంతోపాటు ఇంకోటి, పిల్లలు చేసిన ప్రతిదానికీ తల్లిదండ్రులు కట్టాలని చెప్పొద్దు. వాళ్ల సొంత నిర్లక్ష్యం ఉంటేనే, బండి తాళం ఇచ్చినట్టు.

గోదావరి_సోషల్:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రెండో పీరియడ్ అయింది. జ్యూరీ అంటే మళ్లీ వివరించాలి కాబట్టి, ఒక్కొక్కరికి పది చింతగింజలిచ్చి తప్పు ఎవరిదెంతో పంచమన్నా. ఆ గేదె కథనే ఊరూ పేరూ మార్చి ఇద్దామనుకుని, ముందు ఆ అమ్మాయిని అడిగితే, వద్దు సార్ మాదేనని చెప్పండి అంది. గోడ ఆర్నెల్లుగా వాలి ఉందని, పక్కింటాయనకి రెండుసార్లు చెప్పారని ఒక్కొక్కటే చెప్పాం. చాలామంది పదికి పది గింజలు పక్కింటాయన ముందే పోశారు. ఆ అమ్మాయి మాత్రం ఎనిమిదే పెట్టింది. మిగిలిన రెండూ వాళ్ల నాన్నకట. గోడ వాలిందని తెలిసీ గేదెని దాని పక్కనే కట్టేశాడని.