‘నిరోధకత’ ఎవరిది?

రాజోలు దగ్గర మా ఊరి మందుల దుకాణంలో మొన్న ఒక పెద్దాయన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఖాళీ అట్ట బల్ల మీద పెట్టి, “ఇది నా ఒంటికి అలవాటైపోయిందమ్మా, ఇంకా పెద్దది ఇవ్వు” అన్నారు. ఆయనే దాళ్వా చేను సంగతి వచ్చినప్పుడు “సుడిదోమ మందుకు లొంగడం లేదు” అంటారు. చేలో కర్త దోమ. ఒంట్లోకి వచ్చేసరికి కర్త మారిపోయింది. మారింది బ్యాక్టీరియా కాదు, తన ఒళ్లే అనుకుంటున్నారు.

ఇందులో మన పత్రికల భాషకూ వాటా ఉందని నా బాధ. ‘రోగనిరోధక శక్తి’ పెంచుకోవాలంటాం, ‘యాంటీబయాటిక్ నిరోధకత’ ప్రమాదమంటాం. మాట ఒకటే. మొదటిది మనిషిది, రెండోది సూక్ష్మజీవిది. చదివేవారు ఎలా విడదీసుకోవాలి? ‘మందుకు లొంగనితనం’ అందాం. తెలియనితనం, చేతకానితనం మనకు ఉన్నవే కదా.

జవాబు: నేను ఫార్మసీ పాఠాలు చెబుతానండి. ‘లొంగని’ అంటే సూక్ష్మజీవికి పంతం ఉన్నట్టు వినిపిస్తోంది. జరిగేది వేరు. పెన్సిలిన్‌ను తుంచే ఎంజైమును తయారుచేసుకుంటుంది, లోపలికి వచ్చిన మందును బయటికి తోడేస్తుంది, మందు అతుక్కునే చోటు రూపు మార్చుకుంటుంది. ‘తట్టుకోవడం’ చాలదా?

జవాబు: చాలదండి. మందు ఉన్నంతసేపూ పెరగకుండా ఓర్చుకుని బతికిపోయే బ్యాక్టీరియా వేరే ఉంది, ‘తట్టుకోవడం’ దానికి దాచుకుందాం. లొంగనిది మందు ఉండగానే పెరుగుతుంది. ఇక పంతం మాట: ‘జబ్బు మందుకు లొంగింది’ అన్నప్పుడు జబ్బుకు పంతం ఉందని ఎవరూ అనుకోరు.

మీరు తోడేయడం, తుంచడం అన్నారే, కొత్త మందుల రూపకల్పననూ అలాగే చెప్పాలి. బ్యాక్టీరియా పొర బయటివైపు రుణావేశం (నెగటివ్ చార్జి) ఎక్కువ, మన కణాల పొరకు అంత ఉండదు. అందుకని ఒక కొసన ధనావేశం, మరో కొసన నూనెతో కలిసే గుణం ఉన్న చిన్న అణువును కడుతున్నారు. అది పొరకు అతుక్కుని చీలుస్తుంది, లోపలి సరుకు కారిపోతుంది. బ్యాక్టీరియాకు ఒక ఎంజైమును మార్చుకున్నంత తేలిక కాదు, పొరనంతా మార్చుకోవడం.

ఇలాంటివాటిని ‘కృత్రిమ’ అనడం కూడా నాకు నచ్చదు, నకిలీ అనిపిస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలోని పరిశోధనశాల నుంచి 1948లో వచ్చిన ఆరియోమైసిన్ నేలలోని సూక్ష్మజీవి చేసిపెట్టిన మందు. 2000లో వాడుకలోకి వచ్చిన లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ పూర్తిగా మనిషి కట్టిన అణువు. రెండూ అసలు మందులే. ‘కట్టిన అణువు’ అని మీ తరగతిలో ఒకసారి అని చూడండి, పిల్లలకు వెంటనే అర్థమైందో లేదో ఇక్కడ రాయండి.