చర్చ: మే నెలలో సముద్రపు రొయ్య ఎక్కడిది?

మిర్యాలగూడ_వాసి: అన్నలూ, మా దగ్గర ఆదివారం బండి మీద ‘సముద్రం రొయ్య’ అని అమ్ముతున్నారు. ఈ ఎండల్లో నమ్మొచ్చా? టైగరా, తెల్ల రొయ్యా ఎట్ల గుర్తుపట్టాలి? అసలు ఏ నెలలో కొంటే మంచిది?

పాలమూరు_పెద్దన్న: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట బంద్ తమ్మీ. మీ బండాయన దగ్గరున్నది వనామీ, చెరువుల్లో పెంచే రొయ్య.

గద్వాల_బుల్లోడు: బంద్ మోటారు బోట్లకే. తెడ్డు పడవలు పోతూనే ఉంటాయి. సగం తెలుసుకొని చెప్పొద్దు.

పాలమూరు_పెద్దన్న: తెడ్డు పడవ సరుకు మిర్యాలగూడ దాకా వస్తదా? కొంచెం ఆలోచించు.

దేవరకొండ_చేపలు: మాది తాతల నాటి చేపల వ్యాపారం, నన్ను అడగండి. ఒంటికి అడ్డంగా నల్ల పట్టీలుంటే టైగర్. వనామీ పాలిపోయి ఉంటుంది, అది మన సముద్రంది కానే కాదు. పసిఫిక్ నుంచి తెచ్చారు, పెంపకానికి అనుమతి వచ్చింది 2009లో. అసలు తెల్ల రొయ్య సముద్రంలో పుట్టి, పిల్లగా కోరింగ లాంటి మడ అడవుల్లో పెరిగి, మళ్లీ సముద్రానికే పోతుంది. ఏదైనా సరే తల నల్లబడి, మెడ దగ్గర వదులైతే ముట్టొద్దు.

సాగర్_ఒడ్డు: సముద్రం గోల ఎందుకు భయ్యా? మా నీలకంఠ రొయ్య తినండి, మంచినీళ్లలో దొరికే పెద్ద రొయ్య. మగదాని కొండీలు నీలంగా, ఒంటికన్నా పొడుగ్గా ఉంటాయి. కృష్ణమ్మలో పుట్టిన అసలు సరుకు.

వనపర్తి_మాస్టారు: పుట్టింది కాదు, పోసింది. మత్స్యశాఖ పిల్లలు వదిలితేనే మీ వలలో పడుతున్నాయి.

సాగర్_ఒడ్డు: మా తాత సీడ్ పోసి పట్టిండా సార్?

వనపర్తి_మాస్టారు: అప్పుడు నదికి ఇన్ని అడ్డుకట్టలు లేవు. ఇప్పుడు ప్రకాశం బ్యారేజీ, పులిచింతల, పైన సాగర్ కట్ట. కింద పుట్టిన పిల్ల ఎట్ల ఎక్కుతుంది?

నల్గొండ_అక్క: కొట్లాట ఆపండయ్యా. చింతచిగురు వచ్చింది, ఎండు రొయ్యలు చెప్పండి. నేను తలా తోకా తుంచి, పెనం మీద వేయించి, చేటలో చెరుగుతాను. ఇసుకంతా పోతుంది. మొన్న కొన్నవి మాత్రం ఒకటే ఉప్పు.

మిర్యాలగూడ_వాసి: నెల సంగతి?

పాలమూరు_పెద్దన్న: జూన్ 15 తర్వాత బోట్లు కదులుతాయి. అప్పుడు అడుగు.

సాగర్_ఒడ్డు: మాస్టారూ, నా వలలో కడుపు కింద గుడ్లున్న రొయ్య పడింది. దానికేమంటారు?

వనపర్తి_మాస్టారు: గుడ్లు పెడుతుంది, కాదనలేదు. పిల్లకు మొదటి రోజుల్లో ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. సాగర్‌లో ఎక్కడున్నాయి చెప్పు?