గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో రాయొచ్చా, ఇప్పుడే ఇంగ్లిష్‌కు మారిపోవాలా?

మండలాఫీసు_మనిషి:
అందరికీ నమస్తే. గ్రూప్-4లో సెలెక్ట్ అయి మంచిర్యాల వైపు జూనియర్ అసిస్టెంట్‌గా చేస్తున్నా, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నా. ఒకటో తరగతి నుంచి బీఏ దాకా మొత్తం తెలుగు మీడియమే. తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడొచ్చినా రాయాలని గట్టిగా అనుకుంటున్నా. ప్రిలిమ్స్ సంగతి నాకు పెద్ద టెన్షన్ లేదు, 150 బిట్లు, నెగెటివ్ మార్కులు కూడా లేవు, చదివితే వస్తుంది. మెయిన్స్ దగ్గరే ఆగిపోతున్నా. మా ఆఫీసులో ఒకాయన తెలుగులో రాస్తే మార్కులు పడవు, ఇప్పుడే ఇంగ్లిష్‌కు మారు అంటాడు. ఇంకొకాయన అసలు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వెళ్లి కూర్చోకపోతే గ్రూప్-1 మాటే ఎత్తొద్దు అంటాడు. ఇద్దరూ గ్రూప్-1 రాసినవాళ్లు కాదు, అది వేరే సంగతి. రాసినవాళ్లు, దిద్దించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

చిక్కడపల్లి_లైబ్రరీ:
తమ్ముడూ, ఈ మీడియం గొడవ సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట టీ కొట్ల దగ్గర ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది, ఎప్పటికీ తేలదు. నువ్వు దాన్ని తేల్చుకోవాల్సింది గడియారం పెట్టుకుని. ఎస్సే కాకుండా మిగతా పేపర్లలో లెక్క ఇది: మూడు గంటలు, 150 మార్కులు, పది మార్కుల జవాబులు పదిహేను (సైన్స్ పేపర్‌లో డేటా ఇంటర్‌ప్రెటేషన్ సెక్షన్ వేరే, దాన్ని పక్కన పెట్టు). అంటే ఒక్కో జవాబుకు 12 నిమిషాలు. ప్రశ్న చదివి ఏం రాయాలో అనుకోవడానికే రెండు నిమిషాలు పోతాయి. మిగిలిన పదిలో ఏ భాషలో ఎక్కువ సరుకు పెట్టగలవో అదే నీ మీడియం. ఇందులో భాషాభిమానం లేదు, నామోషీ లేదు.

ఒక ప్రశ్న తీసుకో, 610 జీవో నేపథ్యం, ప్రాధాన్యం. ఆరో పేపర్‌లో, అంటే తెలంగాణ ఉద్యమం పేపర్‌లో, ఎప్పుడైనా అడగదగ్గ ప్రశ్న. చాలామంది దీనికి 1956 పెద్దమనుషుల ఒప్పందం దగ్గర మొదలుపెట్టి, 1969 ఉద్యమం అంతా చెప్పి, జీవో దగ్గరికి వచ్చేసరికి టైమైపోయి మూడు లైన్లతో ముగిస్తారు. అట్లా కాదు. మొదటి వాక్యంలోనే జీవో ఏంటో చెప్పెయ్: 1985 డిసెంబర్ 30న ఎన్టీఆర్ ప్రభుత్వం ఇచ్చింది, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇవ్వాలన్న రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణలోని 5, 6 జోన్లలో చేరిన స్థానికేతర ఉద్యోగులను 1986 మార్చి 31లోగా వాళ్ల సొంత జోన్లకు పంపాలన్నది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లు: 1973లో ఆరు సూత్రాల పథకం, దాన్ని అమలు చేయడానికి 32వ రాజ్యాంగ సవరణతో 371డి అధికరణ, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, జోన్ల విధానం. ఇది నాలుగు లైన్లకు మించొద్దు. తర్వాత అమలు ఎందుకు నీరుగారింది, ఆ అమలు తీరు చూడటానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ ఎందుకు వేయాల్సి వచ్చింది. చివర్లో, కాగితం మీద ఉన్న రక్షణ చేతికి రాకపోవడం వల్లే నీళ్లు, నిధులతో పాటు నియామకాలు కూడా మలిదశ ఉద్యమంలో నినాదం అయిందని ఒక ముక్క. అంతే.

ఇదే జవాబు ఒక రోజు తెలుగులో రాయి, వారం తర్వాత ఇంగ్లిష్‌లో రాయి, రెండుసార్లూ పదే నిమిషాలు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మీ ఆఫీసు వాళ్లనూ మమ్మల్నీ అడగాల్సిన పని ఉండదు.

ఇంకోటి, తెలుగు అనగానే తెలుగు అకాడమీ పుస్తకంలో ఉన్న వాక్యాన్ని ఉన్నట్టు దించేస్తారు కొందరు. ఒక్కో వాక్యం నాలుగు లైన్లు. దిద్దేవాళ్లకు విసుగు రాకుండా ఉంటుందా? పేపర్లో సంపాదకీయం ఎలా ఉంటుందో అలా రాయి, చిన్న వాక్యాలు, మధ్యలో సంవత్సరం, కమిటీ పేరు.

బ్యాక్‌బెంచ్_బ్యూరోక్రాట్:
పైన అన్న చెప్పింది ఆరో పేపర్‌కు కరెక్టే, దానికి తెలుగులో దొరికినంత మెటీరియల్ ఇంగ్లిష్‌లో కూడా దొరకదు. కానీ ఎకానమీకి, సైన్స్ అండ్ టెక్నాలజీకి వచ్చి మాట్లాడండి. కేంద్ర ఆర్థిక సర్వే, కమిటీ రిపోర్టులు, సుప్రీంకోర్టు తీర్పులు అన్నీ ముందు ఇంగ్లిష్‌లోనే చదవాలి. చదివింది ఇంగ్లిష్‌లో, రాసేది తెలుగులో అంటే హాల్లో కూర్చుని అనువాదం చేసుకోవడమే. ఆ టైమ్ ఎక్కడిది? పైగా ఒక పేపర్ తెలుగు, ఇంకోటి ఇంగ్లిష్ అంటే కుదరదు, జనరల్ ఇంగ్లిష్ తప్ప మిగతా ఆరూ ఒకే మీడియంలో రాయాలి.

మార్కుల సంగతి కూడా దాచడం ఎందుకు. 2024 నోటిఫికేషన్ 563 పోస్టులకు, 3 లక్షల మందికి పైగా ప్రిలిమ్స్ రాస్తే మెయిన్స్‌కు పిలిచింది 31 వేల పైచిలుకు. ఆ మెయిన్స్ ఫలితాల మీద తెలుగు మీడియం వాళ్లకు అన్యాయం జరిగిందని కోర్టుకెక్కారు. 2025 సెప్టెంబర్‌లో సింగిల్ జడ్జి ర్యాంకుల లిస్టు పక్కన పెట్టి మళ్లీ దిద్దమన్నారు, అదే నెలలో డివిజన్ బెంచ్ దాని మీద స్టే ఇచ్చింది, నియామక పత్రాలూ ఇచ్చేశారు. ఎవరిది న్యాయమన్నది నేను తేల్చను గానీ, ఇంత గొడవ చూశాక కొత్తగా మొదలుపెట్టేవాడికి తెలుగే రాయి అని నేనైతే చెప్పలేను.

చిక్కడపల్లి_లైబ్రరీ:
బ్రో, చదివేది ఇంగ్లిష్ అయినా నోట్స్ తెలుగులో రాసుకుంటే అనువాదం ఇంటి దగ్గరే అయిపోతుంది, హాల్ దాకా రాదు. ద్రవ్యలోటు, జీఎస్టీ, క్రిస్పర్ (జన్యువుల్ని సవరించే టెక్నిక్) లాంటివి ఎట్లా రాయాలో ముందే ఒకటి ఖాయం చేసుకోవాలి, అంతే. పైగా సైన్స్ పేపర్‌లో మూడో సెక్షన్ అంతా లెక్కలే, 50 మార్కులు, దానికి ఏ భాష అయితే ఏంటి. బీఏ దాకా తెలుగులో చదివి, ఇప్పటికిప్పుడు ఇంగ్లిష్‌లో మూడు ఎస్సేలు, ఒక్కోటి వెయ్యి పదాలు, మూడు గంటల్లో రాయమంటే ఎట్లా రాస్తాడు? గ్రామర్ సరిచూసుకోవడానికే సగం టైం పోతుంది. కోర్టు కేసు చూసి భయపడి మీడియం మారిస్తే అది పెనం మీంచి పొయ్యిలో పడటమే.

మండలాఫీసు_మనిషి:
అన్నా, 610 జీవో మీద రాత్రే కూర్చుని రాశా, తెలుగులో. ఫోన్లో పది నిమిషాలు పెట్టుకుంటే గిర్‌గ్లానీ దాకా రాకముందే అలారం మోగింది. చెయ్యి నొప్పి వేరే. ఇంగ్లిష్‌లో వచ్చే వారం రాసి చూస్తా. సరే, ఇంకో డౌట్: లాస్ ఆఫ్ పే మీద ఒక ఏడాది సెలవు పెట్టి హైదరాబాద్ వస్తే ఎట్లా ఉంటుంది? మా ఆవిడ సరే అంది గానీ జీతం లేకుండా అంటే ఆలోచించాల్సిన విషయమే.

ట్రెజరీ_అక్క:
తమ్ముడూ, ఆగు. ప్రొబేషన్‌లో ఉన్నప్పుడు లాస్ ఆఫ్ పే పెడితే ఆ కాలం డ్యూటీ కింద లెక్కకు రాదు, నీ ప్రొబేషన్ అంత మేరకు వెనక్కి జరుగుతుంది, ఇంక్రిమెంటూ జరుగుతుంది. ముందు మీ సూపరింటెండెంట్ దగ్గర కూర్చుని రూల్ ఏంటో కనుక్కో. అప్లై చేసినప్పుడు ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయడం కూడా మర్చిపోవద్దు, తర్వాత సర్టిఫికెట్ల వెరిఫికేషన్ టైంలో పరుగులు పెట్టాల్సి వస్తుంది.

ఇక నోటిఫికేషనే రాకుండా ఏడాది సెలవు పెట్టి అక్కడ కూర్చుంటే ఎంత ఖర్చో లెక్కేసుకో. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, అక్టోబర్‌లో ప్రిలిమ్స్ పెట్టి పేపర్ లీకేజీతో రద్దు చేశారు, 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది, 2024 ఫిబ్రవరిలో ఏకంగా ఆ నోటిఫికేషనే రద్దయి కొత్తది వచ్చింది. ఆ రెండేళ్లూ రూమ్ అద్దె, మెస్ బిల్లు కట్టుకుంటూ కూర్చున్నవాళ్లను అడుగు చెప్తారు. నీకు నెలనెలా జీతం వస్తోంది, దాన్ని వదులుకోవద్దు. ప్రిలిమ్స్ దాకా ఉద్యోగం చేస్తూనే చదువు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం మీ దగ్గర్లో ఉన్న గ్రంథాలయం. ప్రిలిమ్స్ గట్టెక్కాక మెయిన్స్ ముందు నెలలకు సెలవులు దాచుకో. కోచింగ్ మీద డబ్బు పెట్టేదేదో జవాబులు దిద్దేవాళ్ల మీద పెట్టు, అది కూడా కేవలం మార్కు వేసి పంపేవాళ్లు కాకుండా ఎక్కడ తగ్గిందో పక్కన రాసేవాళ్లను వెతుక్కో.

బెజవాడ_ఆస్పిరెంట్:
మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి, మాది ఏపీ. ఇది చదివి మావాళ్లు ఎవరైనా అదే ప్లాన్ వేసుకునేలా ఉన్నారు, జాగ్రత్త. మాకు గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండు పేపర్లు, 120 చొప్పున, తప్పుకు మూడో వంతు మార్కు కోత. మెయిన్స్‌లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ క్వాలిఫయింగ్, మెరిట్ పేపర్లు ఐదు, ఆ పైన 75 మార్కుల ఇంటర్వ్యూ. మీకు ఇంటర్వ్యూ తీసేశారు కాబట్టి మొత్తం 900 మార్కులూ కాగితం మీదే తేలిపోతాయి. అందుకే మీ అన్న చెప్పిన పది నిమిషాల లెక్క మీకు మాకంటే ఎక్కువ అవసరం.

మండలాఫీసు_మనిషి:
అక్కా, సెలవు ఆలోచన మానేశా. మా సూపరింటెండెంట్ కూడా అదే మాట అన్నారు. గ్రూప్-2 కూడా కలిపి చదవొచ్చా?

ట్రెజరీ_అక్క:
చదవొచ్చు. గ్రూప్-2 నాలుగు పేపర్లు, 600 మార్కులు, అంతా ఆబ్జెక్టివ్. అందులో నాలుగో పేపర్, నీ మెయిన్స్ ఆరో పేపర్ రెండూ తెలంగాణ ఉద్యమమే, 1948 నుంచి 2014 దాకా అవే మూడు దశలు. కానీ గ్రూప్-1 ప్రిలిమ్స్ పాసైన రోజు నుంచి బిట్ల పుస్తకాలు అటక మీద పెట్టెయ్. బిట్లకు అలవాటు పడ్డ బుర్ర పేజీ రాయమంటే మొరాయిస్తుంది.

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ నీలాంటి వాళ్లను ముంచేది ఇంకోటుంది, జనరల్ ఇంగ్లిష్. పదో తరగతి స్థాయే, మార్కులు ర్యాంకుకు కలపరు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ అందులో గట్టెక్కకపోతే మిగతా ఆరు పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకి రావు. 150కి ఓసీలకు 40 శాతం, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీలకు 30 రావాలి. ప్రెసీ (పెద్ద పేరాను కుదించి రాయడం), లెటర్, కాంప్రహెన్షన్ లాంటివే ఉంటాయి. ఆదివారం ఆదివారం ఒక ప్రెసీ, ఒక లెటర్ రాసి మీ ఊరి హైస్కూల్ ఇంగ్లిష్ టీచర్‌కు చూపించు, ఆయన నీ దగ్గర ఫీజు కూడా తీసుకోడు.

మండలాఫీసు_మనిషి:
మా ఇంగ్లిష్ సార్ రిటైరై ఊళ్లోనే ఉన్నారక్కా. ఈ ఆదివారమే వెళ్తా.