ఏడవ పయస్ పోపు పతకం ఏ కాలానిది?

ప్రశ్న (తిరుపతి): మా తాతగారి పెట్టెలో దొరికిన కంచు పతకంపై ఏడవ పయస్ పోపు ముఖమూ, లాటిన్ అక్షరాల చివర ‘ఆన్’ అనే మాట, రోమన్ అంకె ఐదు ఉన్నాయి. ఇది ఏ సంవత్సరానిదో దయచేసి తెలుపగలరా?

జవాబు (చిత్తూరు): ‘ఆన్’ అంటే పాలనా సంవత్సరమండి. ఆయన 1800 మార్చి 14న ఎన్నికయ్యారు కనుక ఐదవ ఏడు 1804 మార్చిలో మొదలవుతుంది. తిరుమల గోడల మీది పాత తమిళ శాసనాల్లోనూ రాజుల ఏలుబడి ఏళ్లను ఇలాగే లెక్కించారు.

మరో జవాబు: ప్రాచీన రోమన్ నాణేలను ఆదర్శంగా తీసుకున్న నవ్యసంప్రదాయ శిల్పులు ముఖాన్ని పక్కనుంచే చెక్కేవారు. ఉక్కు అచ్చుతో కొట్టిన పతకంలో అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. దాన్ని చూసి పోతపోసిన నకళ్లలో సాధారణంగా అవి మొద్దుబారి, ఉపరితలంపై చిన్న గుంటలు కనిపిస్తాయి. చింతపండుతో మాత్రం తోమకండి, పాతదనాన్ని చెప్పే ఆ నల్లని పొర పోతే మళ్లీ రాదు.

ప్రశ్న అడిగినవారు: అంచులు పదునుగానే ఉన్నాయండి. తోమకుండా మెత్తని గుడ్డలో భద్రపరిచాను.