స్వెటర్ల తయారీకి విదేశీ ఫ్యాక్టరీని ఎలా ఎంచుకోవాలి?

నమస్కారమండి. బెంగళూరు జయనగర్‌లో మూడేళ్లుగా చిన్న దుస్తుల బ్రాండ్ నడుపుతున్నాను. టీషర్టులు తిరుప్పూర్‌లో కుట్టిస్తాం, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. నిరుడు మెరినో ఉన్ని స్వెటర్లు చేయించాను. నమూనా చక్కగా ఉంది, వచ్చిన సరుకు మాత్రం రెండు ఉతుకులకే ఉండలు కట్టింది. కొన్నవాళ్లందరికీ డబ్బు తిరిగి ఇచ్చాను. ఆ బాధ ఇంకా పోలేదు.

ఈసారి 12 గేజ్‌లో (అంటే అల్లిక యంత్రంలో అంగుళానికి 12 సూదులు) 300 స్వెటర్లు కావాలి. చైనాలోని దాలాంగ్, బంగ్లాదేశ్‌లోని గాజీపూర్ ఫ్యాక్టరీలతో మాట్లాడుతున్నాను. గాజీపూర్ ధర తక్కువే. అయితే 2025 మేలో వచ్చిన ఆంక్షల ప్రకారం అక్కడి రెడీమేడ్ దుస్తులు నవ షేవా, కోల్‌కతా ఓడరేవుల ద్వారానే మన దేశంలోకి రావాలి. చెన్నై రేవు దగ్గరున్నా లాభం లేదు. దాలాంగ్ వాళ్లు 300కైనా సరేనన్నారు, కానీ నూలు ఏ మిల్లుదో అడిగితే సూటిగా చెప్పడం లేదు. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

ఇంత చిన్న ఆర్డరు ఇచ్చినవారు ఎవరైనా ఉన్నారా? సరుకు ఓడ ఎక్కకముందే ఎవరితో తనిఖీ చేయించారు? ఉండలు కట్టే పరీక్షను నమూనాకు చేయించాలా, తయారైన సరుకుకా? ఫ్యాక్టరీని కళ్లతో చూడకుండా 30 శాతం అడ్వాన్సు పంపడానికి మనసు ఒప్పడం లేదు. దయచేసి మీ అనుభవం చెప్పండి.