గోలెంలో గుర్రపు డెక్క పెంచొచ్చా?

హన్మకొండ_డాబా: మా డాబా మీద సిమెంటు గోలెంలో గప్పీ చేపలు పెంచుతున్నా. నర్సరీలో అంతరతామర అని రెండు మొక్కలు ఇచ్చారు. నెల తిరక్కుండానే గోలెం నిండింది, ఊదా పువ్వు కూడా పూసింది. పక్కింటాయన పీకెయ్యమని రోజూ గొడవ. పెంచితే తప్పా?

చెరువుగట్టు: ఊదా పువ్వు పూసిందంటే అది అంతరతామర కాదు, గుర్రపు డెక్క. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపు. పీకి ఎండబెట్టండి. నాలాలో మాత్రం వేయకండి.

నీటితోట: మా వైపు రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు. అయినా గోలెంలో మొక్కకు కాళ్లొస్తాయా? వేళ్ల గుబురులో గప్పీ పిల్లలు దాక్కుంటాయి, నీళ్లలో నత్రజనిని లాగేస్తుంది, నాచు తగ్గుతుంది. మా వాకిట్లో గోలెం రెండేళ్లుగా అద్దంలా ఉంది.

చెరువుగట్టు: ఒకటే ఎట్లయితయి మేడం? అంతరతామర చిన్న క్యాబేజీలా ఉంటుంది. ఆకు మీద నూగు, నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి. డెక్కకు కాడ ఉబ్బి ఉంటుంది, కోస్తే లోపల స్పాంజిలా గాలి గదులు.

కాజీపేట_గప్పీ: పక్కింటాయనకు దోమల భయమా?

హన్మకొండ_డాబా: దోమలు కాదండి, వాస్తు.

నీటితోట: పేర్ల పంచాయితీ ఆపండి అన్నా. వారానికి ఒక బుట్ట తీసి అడిగినవాళ్లకు ఇస్తుంటా, ఇప్పటికి ఇరవై మందికి ఇచ్చా. చెరువుల్లో డెక్క బలిసేది మురుగు తాగి. మురుగు వదిలేవాళ్లను అడగరు, రెండు మొక్కలు పెంచుకుంటే మా మీద పడతారు!

చెరువుగట్టు: 2020 ఆగస్టు వానలకు హన్మకొండ కాలనీల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మర్చిపోయారా? వాకిట్లో గోలెం ఆ నీళ్లకు ఆగుతుందా? డాబా మీద పొంగినా వానగొట్టంలోంచి నాలాకే. మా నాయన చేపలు పట్టేటోడు. చెరువును డెక్క కమ్మిన ఏడాది వల విసిరితే దాని మీదనే పరుచుకునేది, నీళ్లకు తగిలేది కాదు. కింద గాలాడక చేపలన్నీ తేలినయి. పైకొచ్చి గాలి పీల్చే కొర్రమీనే మిగిలింది. చేపపిల్లలకు పెట్టిన పైసలు కూడా రాలే.

నీటితోట: ఆ మాట మొదటే చెప్పొచ్చు కదా, ఇంతసేపూ నా తెలుగు దిద్దుతూ కూర్చున్నారు. కానీ అది మా గోలెం వల్ల జరగలేదు.

చెరువుగట్టు: మీరిచ్చిన ఇరవై మందిలో విసుగొచ్చి ఎవరు ఎక్కడ పారేశారో మీకు తెలుసా? పెంచుకోండి. పంచకండి.

నీటితోట: మరి వారం వారం వచ్చే బుట్టెడు ఏం చేయను?

కాజీపేట_గప్పీ: మేం డాబా మీద కరకరలాడేదాకా ఎండబెట్టి మల్లెపాదులో వేస్తాం.

హన్మకొండ_డాబా: రేపే పీకేస్తా. బదులు ఏం వేయాలి?

చెరువుగట్టు: కలువ దుంప. కుండీలో నాటి గోలెంలోకి దించండి.

నీటితోట: కలువకు రోజూ ఐదారు గంటల ఎండ కావాలి. గోలెం ఎక్కడుందో అడగకుండానే చెప్పేశారు.

హన్మకొండ_డాబా: మేడం, డాబా మీద అని మొదటి లైన్లోనే రాశా.